కర్నూల్లో ప్రభుత్వ సాయంతో ఇల్లు కొనాలంటే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

మా వీధిలో ఎవరైనా ఇల్లు చూస్తున్నారంటే మొదట వినిపించే మాట ఒకటుంది. "పీఎంఏవై ఉంది కదన్నా, రెండున్నర లక్ష వస్తుంది." పీఎంఏవై అంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన, కేంద్రం ఇంటి పథకం. ఆ మాటలో నిజం సగమే. రెండున్నర లక్షల స్కీము సొంత స్థలంలో కట్టుకునేవాళ్లది. కొనేవాళ్లకు ఉన్నది వేరే. అందులో ఎక్కువలో ఎక్కువ 1.80 లక్షలు వస్తాయి, అదీ ఐదు విడతల్లో, ఏడాదికొకటి చొప్పున. ఈ తేడా తెలియక అడ్వాన్సు ఇచ్చేసి, రిజిస్ట్రేషన్ రోజుకు డబ్బు చాలక వడ్డీ వ్యాపారి దగ్గరికి పరిగెత్తినవాళ్లను చూశాను. నేను ఇంకో రకంగా దెబ్బతిన్నాను, ఆ సంగతి కిందికి వస్తుంది.

కర్నూలును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు కూడా ఆఫీసు మారుతుందే తప్ప పని వరుస ఇదే.

మొదటి పని: మీరు ఏ గుంపులోకి వస్తారో తేల్చుకోండి

2024 సెప్టెంబరు 1 నుంచి నడుస్తున్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. ఐదేళ్ల పథకం. ఏడాదికి కుటుంబ ఆదాయం 3 లక్షల లోపైతే ఈడబ్ల్యూఎస్, 3 నుంచి 6 లక్షలైతే ఎల్‌ఐజీ, 6 నుంచి 9 లక్షలైతే ఎంఐజీ. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఈ కుటుంబంలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో కేంద్రం, రాష్ట్రం, మున్సిపాలిటీ ఇచ్చిన ఏ ఇంటి పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు.

ఈ రెండో నిబంధన దగ్గర చాలామంది జారిపోతారు. ఎప్పుడో ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు భార్య పేరు మీద మంజూరైంది, బేస్‌మెంట్ దగ్గరే ఆగిపోయింది, ఇప్పుడది ఎవరికీ గుర్తు లేదు. కానీ కంప్యూటర్లో ఉంటుంది. దరఖాస్తుకు ముందే వార్డు సచివాలయానికి వెళ్లి, ఇద్దరి ఆధార్ నంబర్లూ ఇచ్చి, పాత లబ్ధి ఏదైనా చూపిస్తోందా అని అడగండి. పల్లెలో నాన్నగారి మట్టిమిద్దెలో మీ పేరు మీద వాటా ఉందనుకోండి, అది పక్కా ఇంటి లెక్కలోకి వస్తుందా రాదా అన్నదీ అప్పుడే అడగండి. దాచి దరఖాస్తు పెట్టి, పరిశీలనలో బయటపడితే మొత్తం పోతుంది.

గుంపు తేలాక దారి ఎంచుకోవాలి. సొంత స్థలం ఉన్న ఈడబ్ల్యూఎస్ కుటుంబానికి బీఎల్‌సీ, అంటే ఇల్లు తామే కట్టుకోవడానికి ఇచ్చే సాయం. కేంద్రం 1.50 లక్షలు, రాష్ట్రం లక్ష, కలిపి 2.50 లక్షలు. రెడీగా ఉన్న ఇల్లు కొనాలన్నా, బ్యాంకు లోనుతో కట్టుకోవాలన్నా వడ్డీ సబ్సిడీ, అంటే ఐఎస్‌ఎస్. ఇది మూడు గుంపులకూ వర్తిస్తుంది. మూడోది ప్రభుత్వమో ప్రైవేటు సంస్థో కట్టే ఫ్లాట్లలో ఈడబ్ల్యూఎస్ వాళ్లకు వాటా. మన జగన్నాథగట్టు మీద కనిపించే టిడ్కో (పట్టణాల్లో ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) బ్లాకులు పాత పథకంలో కట్టినవి, 300, 365, 430 చదరపు అడుగుల సైజుల్లో. వాటి గురించి చివర్లో ఒక మాట చెబుతాను.

మీ ఇల్లు పంచాయతీలో ఉన్నా, ఊరు కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే పట్టణ పథకం కిందికి రావచ్చు, గ్రామీణ పథకం కిందికీ రావచ్చు. కల్లూరు దాటాక ఇది ఊరూరికీ మారుతుంది. సచివాలయంలో నోటిమాటగా తేల్చుకోవద్దు, లాగిన్‌లో మీ ఊరు ఏ జాబితాలో ఉందో చూపించమనండి.

రెండో పని: చేతిలో ఎంత ఉండాలో కాగితం మీద రాయండి

ఇల్లు చూడటానికి ముందే ఈ లెక్క వేయాలి. 22 లక్షల పాత ఇల్లు అనుకుందాం. 30 లక్షల లోపు లోన్లకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. మీ బ్రాంచిలో 80 శాతమే ఇస్తామంటే 17.60 లక్షలు. మిగిలిన 4.40 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 22 లక్షల మీద 1.65 లక్షలు. ఇంటి ధర 10 లక్షలు దాటితే ఈ ఖర్చుకు బ్యాంకు లోను ఇవ్వదు. అంటే 6.05 లక్షలు మీ చేతిలో ఉండాలి. ఇవి కాక లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ ఫీజు, బ్రోకరు కమీషన్, సున్నం, మోటారు రిపేరు.

ఈ 6 లక్షల్లో ప్రభుత్వ సాయం ఒక్క రూపాయి కూడా లేదు. సబ్సిడీ మీ చేతికి రాదు, లోను ఖాతాకు జమ అవుతుంది. మొదటి 8 లక్షల లోను మీద 4 శాతం వడ్డీ రాయితీ, 12 ఏళ్ల వరకు లెక్కకట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలు. విడతకు 36,000. పైన చెప్పిన 17.60 లక్షల లోనుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 15,270 వస్తుంది. అంటే ఏడాదికి రెండు కంతులకు పైన సర్కారు కట్టినట్టు. మంచి సాయమే, కాదనను. కానీ దాన్ని అడ్వాన్సు డబ్బుల లెక్కలో రాసుకుంటే మునిగిపోతారు.

ఇంకో మెలిక ఉంది. విడత విడుదలయ్యే నాటికి లోను నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. పొలం అమ్మిన డబ్బు వచ్చిందని మూడో ఏడాదిలో లోను సగానికి పైగా కట్టేస్తే మిగిలిన విడతలు ఆగిపోతాయి. లోను తొందరగా తీర్చేద్దామని 8 ఏళ్ల గడువు పెట్టుకున్నా, ఐదేళ్లు పూర్తయ్యేసరికి బాకీ అసలులో 46 శాతానికి దిగుతుంది. గడువు కొంచెం ఎక్కువే పెట్టుకోండి, ఐదు విడతలూ వచ్చాక తొందరపడొచ్చు.

పరిమితులు కూడా రాసుకోండి: ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు, లోను 25 లక్షలు దాటకూడదు, కార్పెట్ ఏరియా 120 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,290 చదరపు అడుగులు దాటకూడదు.

అదే కాగితం మీద బియ్యం కార్డు, ఇంట్లో పెద్దవాళ్ల పింఛను కూడా రాయండి. మన దగ్గర పథకాలకు పెట్టిన ఆరు అంచెల పరిశీలనలో పట్టణంలో నెల ఆదాయం 12,000, సొంత కట్టడం 1,000 చదరపు అడుగులు అన్న గీతలు ఉన్నాయి. 1,150 అడుగుల ఇల్లు మీ పేరు మీదికి వచ్చాక అత్తగారి పింఛను ఆగిందని బాధపడే బదులు, 950 అడుగుల ఇల్లు చూసుకోవడమా, పింఛను వదులుకోవడమా అన్నది ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఈ మాట బ్రోకరు చెప్పడు, బ్యాంకు వాళ్లకు అవసరం లేదు.

మూడో పని: కాగితాలు, ముఖ్యంగా పేర్లు

ఆధార్‌లో లక్ష్మిదేవి, పాస్‌బుక్‌లో లక్ష్మీదేవమ్మ, పాన్‌లో ఇంటిపేరు ముందు, ఓటరు కార్డులో ఇంటిపేరే లేదు. సీమలో ప్రతి ఇంట్లో ఉన్న గోలే ఇది. దరఖాస్తు ఆధార్ మీద నడుస్తుంది కాబట్టి ముందు దాన్ని సరిచేయించి, మిగతావి దానికి సరిపెట్టండి. సరిచేయడానికి పట్టే వారాలు మీ చేతిలో ఉండవు. అందుకే ఇల్లు దొరకకముందే ఈ పని మొదలుపెట్టాలి.

ఇల్లు ఇంటి ఆడమనిషి పేరు మీద గానీ, భార్యాభర్తల జాయింటు పేరు మీద గానీ ఉండాలి. కుటుంబంలో మేజరైన ఆడవాళ్లు ఎవరూ లేకపోతేనే మగవాడి ఒక్కడి పేరు మీద. చాలామంది అగ్రిమెంటు భర్త పేరు మీద రాయించి, తర్వాత తిప్పలు పడతారు. అగ్రిమెంటు కాగితం నుంచే ఇద్దరి పేర్లూ రాయించండి.

ఆదాయం విషయంలో మనవాళ్లు ఒక తెలివి చూపిస్తారు. స్కీము దరఖాస్తులో రెండు లక్షలు, బ్యాంకు ఫారంలో ఏడు లక్షలు. రెండూ చివరికి ఒకే బ్యాంకు టేబులు మీదికి వస్తాయి. వడ్డీ సబ్సిడీ 9 లక్షల ఆదాయం వరకు ఉంది కదా, తగ్గించి చెప్పాల్సిన పనేముంది? ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఆటో నడిపేవాళ్లు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు, టైలర్లు: మీకు జీతం స్లిప్పు ఉండదు. డబ్బు చేతికి వస్తుంది, చేతి మీదుగానే పోతుంది. ఇంకో ఏడాదిలో ఇల్లు కొనాలనుకుంటే ఇవాళ్టి నుంచి రోజువారీ రాబడి బ్యాంకులో పడేలా చూసుకోండి, ఫోన్ స్కానర్ డబ్బులైనా సరే. పొదుపు సంఘంలో ఉంటే కిస్తీలు ఒక్క నెల కూడా తప్పకండి. ఆ రికార్డు ఉన్నవాళ్లకు బ్యాంకులో మాట చెల్లుతుంది. సంఘం వాళ్లు మెప్మా (పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) తరఫున పనిచేసే ఆర్పీ అక్కను అడిగితే ఏ బ్రాంచిలో ఎవరిని కలవాలో చెబుతుంది.

నాలుగో పని: బ్యాంకును ముందు అడగండి, ఇంటివాడిని తర్వాత

బ్రాంచికి వెళ్లి మూడే ప్రశ్నలు అడగండి. మీ బ్యాంకు ఈ సబ్సిడీకి నోడల్ ఏజెన్సీతో, అంటే సబ్సిడీ డబ్బు బ్యాంకులకు చేర్చే సంస్థతో ఒప్పందం చేసుకుందా? మా ఆదాయానికి ఎంత లోను వస్తుంది? పాత ఇంటికి ఇస్తారా? స్కీములో కొత్త ఇల్లు, పాత ఇల్లు, కట్టుకునే ఇల్లు మూడూ ఉన్నాయి. కానీ ఇల్లు ఎన్నేళ్లది, ప్లాన్ ఉందా అన్నదాన్ని బట్టి ఒక్కో బ్యాంకు ఒక్కోలా మాట్లాడుతుంది. నోడల్ ఏజెన్సీలు మూడు: నేషనల్ హౌసింగ్ బ్యాంకు, హడ్కో, ఎస్‌బీఐ. మీరు లోను తీసుకునే సంస్థ వీటిలో ఏదో ఒకదానితో కలిసి ఉండకపోతే సబ్సిడీ మాట మరిచిపోవాల్సిందే.

అయిదో పని: ఇల్లు చూడటం

ఇక్కడ కొంచెం ఆగుతాను, నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నంద్యాల చెక్‌పోస్టు వైపు ఒక ఇల్లు నచ్చింది. బ్రోకరు, "ఏం గాదులే అన్నా, బ్యాంకు లోను గ్యారంటీ" అన్నాడు. లక్ష అడ్వాన్సు ఇచ్చాను. బ్యాంకు లాయరు కాగితాలు చూసి, కింది భూమి డీకేటీ పట్టాది, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, లోను ఇవ్వడం కుదరదన్నాడు. అమ్మేవాడు అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు. అగ్రిమెంటులో ఆ మాట లేదు కాబట్టి నేను నోరెత్తలేకపోయాను. ఎనిమిది నెలలు తిరిగి సగం రాబట్టుకున్నాను.

కాబట్టి అడ్వాన్సుకు ముందే: ఇంటి సర్వే నంబరు, డాక్యుమెంటు నంబరు తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆ నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల రికార్డు తీయండి. 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది. బ్యాంకు 30 ఏళ్ల ఈసీ అడగడం మామూలే. ఈసీలో తనఖా కనిపిస్తే అది తీరిన రసీదు చూపించమనండి. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, ఒక్కటి తగ్గినా కదలకండి. ఇల్లు ఉన్న లేఔటుకు అనుమతి ఉందా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఔటును క్రమబద్ధం చేయించుకునే ఫీజు) కట్టారా, ఇంటికి ప్లాన్ అప్రూవల్ ఉందా, పైన వేసిన అంతస్తు ప్లాన్‌లో ఉందా చూడండి. ప్లాన్‌లో ఒక అంతస్తు, నేల మీద రెండు అంతస్తులు, ఇది మన ఊళ్లో సర్వసాధారణం. బ్యాంకు ఇంజనీరు విలువ కట్టేటప్పుడు రెండో అంతస్తు వదిలేసి లెక్కిస్తే మీ లోను అక్కడే తగ్గిపోతుంది.

ఆ తర్వాత, కాగితాల్లో దొరకని రెండు ప్రశ్నలు. మొదటిది వీధిలో ఎవరైనా పెద్దావిడను అడగండి: "అమ్మా, 2009 వరదకు ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" ఆ అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర రెండూ కలిసి ఊరిని ముంచాయి. పాతబస్తీలో అప్పటి సంగతి అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి ఎత్తు చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఎత్తు మీ తలకంటే పైన ఉంటే, ఇల్లు ఎంత చవకైనా ఆలోచించుకోండి. రెండోది నేల. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు ఇస్తుంది. కొత్త సున్నం వేసిన గోడ మీద కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సన్నటి గీత కనిపిస్తే పునాది ఎంత లోతు తీశారో అడగండి. కింద వేసింది బేతంచెర్ల బండలైతే ఎక్కడైనా కుంగాయేమో నాలుగు అడుగులు వేసి చూడండి, తెలిసిపోతుంది.

అగ్రిమెంటులో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయించండి: "టైటిల్ లోపం వల్ల గానీ, అనుమతులు లేనందువల్ల గానీ బ్యాంకు లోను మంజూరు కాకపోతే కొనుగోలుదారు ఇచ్చిన అడ్వాన్సు పూర్తిగా ఇన్ని రోజుల్లో తిరిగి చెల్లించవలెను." రోజుల సంఖ్య అంకెల్లో వేయించండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే అతనికి తన కాగితాల సంగతి తెలుసన్నమాట.

ఆరో పని: దరఖాస్తు

పీఎంఏవై పట్టణ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. ఫోన్ నడపడం వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే చాలు. రాకపోతే వార్డు సచివాలయం. దరఖాస్తుకు ఫీజు లేదు. "పైన మాట్లాడి పాస్ చేయిస్తా, పదివేలు" అనేవాడికి నమస్కారం పెట్టి పంపేయండి.

పోర్టల్ ముందు అర్హత ప్రశ్నలు అడుగుతుంది, తర్వాత ఆధార్‌కు ఓటీపీ పంపుతుంది. ఆధార్‌కు కలిపిన ఫోన్ పక్కన ఉంచుకోండి. బీఎల్‌సీనా, ఐఎస్‌ఎస్సా అన్న చోట పొరపాటు నొక్కితే తర్వాత మార్చడం తలనొప్పి. కుటుంబ సభ్యుల వివరాలు, ఆదాయం, బ్యాంకు ఖాతా ఇచ్చాక దరఖాస్తు నంబరు వస్తుంది. దాన్ని ప్రింటు తీసి ఇంటి డాక్యుమెంట్ల ఫైలులోనే పెట్టండి. ఐఎస్‌ఎస్ వాళ్లు ఆ నంబరు బ్యాంకు లోను ఫైలులో కూడా పెట్టించాలి, ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. 2024 సెప్టెంబరు 1కి ముందు మంజూరైన లోన్లకు ఈ సబ్సిడీ లేదు.

సొంత స్థలంలో కట్టేవాళ్లకు

బీఎల్‌సీ డబ్బు పని జరిగిన కొద్దీ వస్తుంది. బేస్‌మెంట్, రూఫ్ లెవెల్, శ్లాబ్, ఇలా ఒక్కో దశ పూర్తయ్యాక వార్డు సిబ్బంది వచ్చి ఫోటో తీసి లొకేషన్‌తో ఎక్కిస్తారు. ఆ తర్వాతే బిల్లు. మంజూరు రాకముందే పునాది తీస్తే మొదటి ఫోటో దగ్గరే చిక్కు. ఎంత ముహూర్తం ఉన్నా ఆగండి. కావాలంటే ఒక రాయి పెట్టి పూజ చేసుకోండి.

ఇల్లు కనీసం 30 చదరపు మీటర్లు, అంటే 323 అడుగులు. అడుగుకు 1,800 వేసుకున్నా 5.80 లక్షలు అవుతుంది. సాయం 2.50 లక్షలు. మిగిలిన 3.30 లక్షలు ఎక్కడి నుంచో తేల్చుకున్నాకే మేస్త్రీకి మాట ఇవ్వండి. ఇసుక ఉచితమే, ట్రాక్టరు బాడుగ ఉచితం కాదు. మొదటి బిల్లు పడేదాకా పని నడపడానికి బేస్‌మెంట్ వరకు అయ్యే డబ్బు చేతిలో ఉండాలి. లేకపోతే శ్లాబ్ దాకా రాని ఇళ్లలో మీదీ ఒకటవుతుంది. వాటిని చూడాలంటే ఏ లేఔటుకు వెళ్లినా చాలు.

టిడ్కో ఇల్లు చవకగా వస్తోందంటే

జగన్నాథగట్టులో ఫలానా బ్లాకులో ఇల్లు నోటరీ మీద రాసిస్తామని కబురు రావచ్చు. 100 రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. నోటరీ కాగితంతో మీకు హక్కు రాదు. ప్రభుత్వం కేటాయించిన ఇంటిని లబ్ధిదారు ఇష్టమొచ్చినట్టు అమ్మే వీలు కూడా ఉండదు. పైగా 365, 430 అడుగుల ఇళ్ల మీద లబ్ధిదారు పేరుతో బ్యాంకు లోను ఉంటుంది. మీరు డబ్బు ఇచ్చి, కాపురం పెట్టి, ఆ లబ్ధిదారు కట్టని కంతుల నోటీసు మీ తలుపు మీద చూస్తారు.

రిజిస్ట్రేషన్ అయ్యాక

కార్పొరేషన్‌లో ఇంటి పన్ను, నీటి పన్ను పేరు మార్పిడి, కరెంటు మీటరు పేరు మార్పిడి ఆ నెలలోనే చేయించండి. పాత బకాయి ఉంటే అమ్మినవాడు ఫోన్ ఎత్తే రోజుల్లోనే తేలాలి. లోను మొదటి డబ్బు విడుదలైన తేదీ ఉన్న లెటరు బ్యాంకు నుంచి తీసుకుని దరఖాస్తు నంబరుతో కలిపి పెట్టండి. ఏడాదికోసారి లోను స్టేట్‌మెంటు తీసి సబ్సిడీ జమ వరుస చూడండి. విడత కనిపించకపోతే ఆ స్టేట్‌మెంటు, దరఖాస్తు నంబరు పట్టుకుని ముందు బ్రాంచికే వెళ్లండి, క్లెయిము పంపాల్సింది వాళ్లే. పంపామంటే ఏ తేదీన పంపారో స్టేట్‌మెంటు వెనక రాయించుకుని సంతకం తీసుకోండి.